మీ ఖాతా మరో తెర మీద నడుస్తోంది

జూన్ 16, సోమవారం

మా సినిమాల యాప్ సపోర్టులో ముందు ఫోనెత్తే ఎల్‌వన్ వాళ్ళకి ఒకటే మంత్రం వచ్చు. టీవీ ఆపి మళ్ళీ వేయండి, యాప్ తీసేసి మళ్ళీ పెట్టుకోండి, క్యాష్ క్లియర్ చేయండి. అదే కస్టమర్ చేత నాలుగుసార్లు చేయించి, ఆయన ప్రాణం విసిగాక, ఎస్కలేట్ అని నా నెత్తిన పడేస్తారు. ఎల్‌టూ అంటే నేను. వీడియో ఎందుకు ఆగిందో లాగ్స్, అంటే యాప్ రాసుకునే రికార్డు, చూసి కనిపెట్టడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో, ఏడో అంతస్తులో, ఆరేళ్ళుగా. జనం సినిమాలు చూస్తారు, నేను వాళ్ళ సినిమాలు ఎక్కడ ఆగాయో చూస్తాను.

ఈ రోజు పడ్డది నరేందర్ అనే ఆయన. కొండాపూర్‌లో ఫ్లాటు, ఇంటి నుంచే పని. మధ్యాహ్నం రెండు దాటితే చాలు టీవీ ఆగిపోతోందట. ఎర్రర్ 47: మీ ఖాతా మరో తెర మీద నడుస్తోంది. ఆయన ప్లాన్‌లో ఒకసారికి ఒకటే తెర. ఇంకెక్కడో ఎవరో అదే లాగిన్‌తో చూస్తున్నారన్నమాట. ఎవరు తర్వాత మొదలుపెడితే వాళ్ళది నడుస్తుంది, ముందువాళ్ళకి 47 వస్తుంది. ఇంత చిన్న విషయానికి ఎల్‌వన్ మహానుభావులు ఆయన చేత టీవీ సాఫ్ట్‌వేర్ మొత్తం మార్పించారు.

ఫోన్ చేశాను. మర్యాదస్తుడు. పాస్‌వర్డ్ మార్చుకోండి, మిగతా డివైసులన్నీ నేను సైన్ అవుట్ చేస్తాను, రెండు నిమిషాల పని అన్నాను. వద్దన్నాడు.

"మార్చకండి మేడమ్. అది నడవనియ్యండి. ఎక్కడి నుంచి నడుస్తుందో జర చెప్పండి, చాలు."

అది చెప్పకూడదని పాలసీ. చెప్పలేనన్నాను. వేరేవాళ్ళయితే నా ఏడు తరాలనీ తిట్టేవాళ్ళు. ఈయన థ్యాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఇంత మంచి కస్టమర్ తగిలి ఎన్నాళ్ళయిందో.

జూన్ 17, మంగళవారం

నరేందర్ గారి ఖాతా తెరిచి చూశాను. మూడు ప్రొఫైళ్ళు: నరేందర్, వసంత, పింకీ. రెండో తెర ఒక పాత ఫోను. దాన్లో నడిచేది పింకీ ప్రొఫైల్ ఒక్కటే. కుందేలు కార్టూను, రోజూ అదే. రెండుంబావుకి మొదలవుతుంది. పది నిమిషాలకి కొండాపూర్ టీవీ మొదలవుతుంది, ఫోను ఆగుతుంది. మళ్ళీ ఫోను, మళ్ళీ టీవీ. సాయంత్రం దాకా ఇదే దొంగా పోలీసు ఆట.

ఒక సంగతి మాత్రం వింతగా ఉంది. ఆయన టీవీలో సినిమా రెండు నిమిషాలు నడిచి ఆగుతుంది. చూడ్డానికి పెట్టినట్టు లేదు. ఫోను ఇంకా ఉందా లేదా అని తట్టి చూస్తున్నట్టుంది. అయినా నాకెందుకు? ఎవరో చుట్టాల పిల్ల అయ్యుంటుంది.

జూన్ 18, బుధవారం

ఈ రోజు ఫ్లోర్ అంతా నవ్వులే. మా యాప్‌లో 'సమస్య చెప్పండి' అని ఒక బటన్ ఉంటుంది. టైప్ చేయలేనివాళ్ళు మాట్లాడొచ్చు, అది రాసి టికెట్‌గా, అంటే ఫిర్యాదుగా, మాకు పంపిస్తుంది. రెండో తెర నుంచి టికెట్ వచ్చింది. ఆ పింకీయే. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను:

"బొమ్మ ఊకె ఆగుతున్నది. కుందేలు బొమ్మ. జల్ది పెట్టున్రి."

మంత్రిగారి పీఏ కూడా మాకు ఇలా ఆర్డర్ వేయలేదు. ఐదారేళ్ళు ఉంటాయేమో. టీమ్ గ్రూపులో పెట్టాను, అందరూ హార్టులు కొట్టారు. మా ఫ్లోర్ శుభ్రం చేసే ఈరమ్మకి కూడా చదివి వినిపించాను. ఈరమ్మ నవ్వి, ఎవలి పిల్లనో గట్టి పిండమే అంది. నిజాంపేట నుంచి రోజూ రెండు ఆటోలు మారి వస్తుంది. పదకొండింటికి నాకు టీ తెచ్చి, నా పక్కన రెండు నిమిషాలు కూచుంటుంది. ఈ ఆఫీసులో నేను మనసు విప్పి మాట్లాడేది ఆమెతోనే.

జూన్ 19, గురువారం

వాన. మెట్రోలో కూకట్‌పల్లి దాకా ఒంటికాలి మీద. రాయడానికి ఓపిక లేదు.

జూన్ 20, శుక్రవారం

భీమేశ్వరరావు గారు, అంటే మా మేనేజరు, మీటింగులో నా పేరెత్తి మెచ్చుకున్నారు. జ్యోత్స్న గారి రూల్ వల్ల డూప్లికేట్ టికెట్లు సగానికి తగ్గాయండి అని. పది మందిలో ఆయన మెచ్చుకోవడం రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆ రూల్ నాదే. ఒకే ఖాతా మీద రెండు టికెట్లుంటే కలిపేయడం. కలిపాక మొత్తం వివరాలతో ఖాతాదారుకి ఒక మెయిల్ వెళ్తుంది. ఆ తర్వాత వారం దాకా అదే ఖాతా నుంచి ఏం వచ్చినా దాంట్లోకే చేరుతుంది, ఆ మెయిల్ కూడా దానంతటదే వెళ్తుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. ఇదివరకు ఒకే ఇంట్లో మొగుడో టికెట్, పెళ్ళామో టికెట్ పెట్టి, ఇద్దరు ఏజెంట్లు ఒకే సమస్య మీద కొట్టుకునేవాళ్ళు.

ఆ ఊపులోనే సాయంత్రం నరేందర్ టికెట్టూ పింకీ టికెట్టూ కలిపేశాను. ఒకే ఖాతా, ఒకే ఎర్రర్. రెండు పిట్టలు, ఒకటే దెబ్బ. టికెట్ క్లోజ్.

జూన్ 22, ఆదివారం

తలస్నానం. హాస్టల్లో పప్పు మాడింది. అమ్మకి ఫోన్ చేశాను.

జూన్ 23, సోమవారం

ఈ రోజు సంగతి మొత్తం రాయాలి.

పొద్దున నరేందర్ నుంచి మెయిల్ వచ్చింది. థ్యాంక్స్ అని సబ్జెక్టు. ప్రగతి నగర్‌లో లక్ష్మీ నిలయం పేరుతో ఆరు బిల్డింగులున్నాయట. శనివారం, ఆదివారం తిరిగి నాలుగు చూశాడట. ఇంకేమైనా డిటైల్ ఉంటే పంపించమని, శ్రమ ఇస్తున్నందుకు క్షమించమని.

లక్ష్మీ నిలయం ఏమిటో ముందు నాకు అర్థం కాలేదు. కలిపిన టికెట్ తెరిచాను. పింకీ మాట్లాడిన టికెట్‌తో పాటు ఫోను రిపోర్టు కూడా వస్తుంది. ఏ ఫోను, ఏ నెట్టు, ఏ ఏరియా, వైఫై పేరేమిటి, అన్నీ. వైఫై పేరు 'లక్ష్మీ నిలయం థర్డ్ ఫ్లోర్'. నేను నోటితో చెప్పనన్నది నా రూల్ మెయిల్లో పెట్టి పంపించింది.

ఈరమ్మ టీ తెచ్చింది. ఆమెకి చెప్పాను, చూడు ఈయన పట్టుదల, పాస్‌వర్డ్ మార్చుకుంటే పోయేదానికి బిల్డింగులు వెతుకుతున్నాడు అని. నవ్వుతూనే చెప్పాను. ఈరమ్మ నవ్వలేదు. ఖాతాలో ఆడమనిషి పేరుందా అని అడిగింది. ఉంది, వసంత అన్నాను. ఆమె ఏమైనా చూస్తోందా అని అడిగింది. చూశాను. ఏప్రిల్ ఎనిమిది తర్వాత వసంత ప్రొఫైల్ తెరవనే లేదు. పింకీ ఫోను మొదలైంది ఏప్రిల్ పదిన.

ఈరమ్మ టీ కప్పు కింద పెట్టింది.

"ఆమె పిల్లనేసుకొని పారిపోయింది బిడ్డా. వాడు టీవీ చూస్తలేడు. వాళ్ళను చూస్తున్నడు."

ఆరేళ్ళుగా లాగ్స్ చదువుతున్నాను, పెద్ద మొనగత్తెని. చదువు రాని ఈరమ్మకి కనిపించింది నాకు కనిపించలేదు.

ఇంకా రెండు లక్ష్మీ నిలయాలు మిగిలి ఉన్నాయి.

సాయంత్రం 5:30

భీమేశ్వరరావు గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. తలుపు వేసి, మెల్లగా చెప్పారు.

"మనం కస్టమర్ సంసారంలోకి వెళ్ళకూడదండి. మన పని ప్లేబ్యాక్ వరకే. డేటా బయటికి వెళ్ళిందని తెలిస్తే మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయండి."

డేటా బయటికెళ్ళి మూడు రోజులైంది సార్ అన్నాను. దాని గురించి మెయిల్ మాత్రం రాయవద్దన్నారు.

మెట్ల దగ్గర నిలబడి 181, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. ఆయన పేరు, నంబరు, ఫ్లాటు అడ్రసు ఇవ్వండమ్మా, మనిషిని పంపిస్తాం అన్నారు. అన్నీ నా స్క్రీన్ మీదే ఉన్నాయి. నోరు రాలేదు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

అవును, ఉద్యోగం కోసమే. ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా.

జూన్ 24, మంగళవారం, ఉదయం 10:20

వసంత నంబరు నా దగ్గర లేదు. ఖాతాలో ఉన్నది నరేందర్ నంబరే. ఆమెని చేరడానికి నాకున్నది ఆ పాత ఫోను ఒక్కటే, అదీ పింకీ చేతిలో ఉన్నప్పుడు.

రాత్రంతా ఆలోచిస్తే ఒకటి తట్టింది. మా దగ్గర టెస్ట్ గ్రూపు ఉంది. దాంట్లో చేర్చిన డివైస్‌కి ఎర్రర్ వచ్చినప్పుడు ఏ అక్షరాలు కనిపించాలో మేమే రాయొచ్చు. ఆరేళ్ళు ఎర్రర్లు తీసేశాను. ఈ రోజు ఒకటి పెడతాను.

ఆ ఫోన్ని గ్రూపులో చేర్చి, ఏ బొమ్మ నొక్కినా ఎర్రరే వచ్చేలా పెట్టాను. రాసింది ఇదీ: "వసంత గారూ, మీరున్న బిల్డింగు పేరు నరేందర్‌కి తెలిసింది. ఈ రోజే అక్కడి నుంచి వెళ్ళిపోండి. 181కి ఫోన్ చేయండి." కింద నా నంబరు.

దొరికితే ఉద్యోగం పోతుంది. పోనీ.

మధ్యాహ్నం 2:18

పింకీ లాగిన్ అయింది. ఎర్రర్ కనిపించింది. 'మళ్ళీ ప్రయత్నించండి' నొక్కింది. మళ్ళీ ఎర్రర్. మళ్ళీ నొక్కింది. పదకొండుసార్లు నొక్కింది.

పిల్లకి చదవడం రాదు. చదవడం వచ్చే పిల్ల అయితే మొన్న టికెట్ నోటితో ఎందుకు చెబుతుంది? నా బుద్ధికి చెప్పు పెట్టి కొట్టాలి.

పిల్ల పక్కన తల్లి ఉండాలి. తల్లికి చూపించు పింకీ. అమ్మకి చూపించు తల్లీ.

మధ్యాహ్నం 2:31

కొత్త టికెట్.

"అక్షరాలొస్తున్నయి. బొమ్మ వస్తలేదు. అమ్మ మందుల షాపుల డ్యూటీకి పోయింది. నేనొక్కదాన్నే ఉన్న. కింద గిర్ని చప్పుడైతున్నది, గందుకే గట్టిగ చెప్తున్న. బొమ్మ పెట్టున్రి."

దాని కింద ఇంకో లైను. వచ్చిన టికెట్ పాత టికెట్‌లో చేరింది. ఖాతాదారుకి మెయిల్ పంపబడింది. 2:31.

వారం రోజుల రూల్. నా రూల్. ఆపాలని తట్టనే లేదు.

సాయంత్రం 7:50

క్రమంగా రాస్తాను, లేకపోతే రాయలేను.

ఈరమ్మని వెతికి పట్టుకుని టికెట్ చదివి వినిపించాను. పిండిగిర్ని అనగానే ఆమెకి తెలిసిపోయింది. చెరువు దగ్గర, కింద గిర్ని ఉన్న లక్ష్మీ నిలయం ఒక్కటేనట, ఆమె చెల్లెలు అక్కడే జొన్నలు పట్టించుకుంటుందట. ఆమెకి తెలిసింది అతనికీ తెలుస్తుంది. మిగిలినవి రెండే. ఒకదాని కింద గిర్ని ఉంటుంది, ఇంకోదాని కింద ఉండదు.

క్యాబ్ ఎక్కాం. దార్లో 112కి చేసి బిల్డింగు పేరు చెప్పాను. బండి పంపుతామన్నారు. జేఎన్‌టీయూ దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు. నిన్న హెల్ప్‌లైన్ వాళ్ళు అడిగినా అడ్రసు ఇవ్వలేదని ఈరమ్మకి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. ఒక్క మాట అనలేదు నన్ను. అని ఉంటే బాగుండేది.

చేరేసరికి 3:50. గేటు దగ్గర వాచ్‌మన్ పెంటయ్య స్టూలు మీద కూచుని చాయ్ తాగుతున్నాడు. పోలీసు బండి మా తర్వాత ఐదు నిమిషాలకి వచ్చింది. మూడో అంతస్తు పాప గురించి అడిగాం. పెంటయ్య అంతా సంతోషంగా చెప్పాడు. బైకు మీద ఒకాయన వచ్చి కింది నుంచే పేరు పెట్టి పిలిచాడట. పిల్ల కిటికీలోంచి చూసిందట.

"నాయిన వచ్చిండని ఉరికొచ్చింది పిల్ల. చెప్పులు గూడ ఏసుకోలే."

పావుగంట అయిందట వెళ్ళి. పెంటయ్య తప్పేమీ లేదు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వసంత చెప్పి ఉంటే చుట్టుపక్కల తెలుస్తుందని భయపడి ఉంటుంది.

పైకి వెళ్ళాం. తలుపు తీసే ఉంది. చాప మీద ఫోను, గోడకి ఆనించి పెట్టి ఉంది. స్క్రీన్ మీద నేను రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. వసంత గారూ.

పోలీసాయన పెంటయ్య చెప్పిన మందుల షాపుకి ఫోన్ చేయించాడు. పావుగంటలో వసంత పరిగెత్తుకుంటూ వచ్చింది. చిన్న మనిషి, ముప్ఫై కూడా ఉండవు. మేం మాట్లాడుతుంటే తల కుడి పక్కకి తిప్పి వింటోంది. ఎడమ చెవి వినపడదట. ఎలా పోయిందో అడిగితే, గోడకేసి కొట్టిండు అని, బస్సు మిస్సయ్యాను అన్నట్టు చెప్పింది.

ఆయనకి ఈ ఇల్లు ఎలా తెలిసిందని అడిగింది. యాప్ వల్ల అన్నాను. మా యాప్ అన్నాను. నా వల్ల అనలేదు. ఆమె గోడకి ఆనుకుని కూచుండిపోయింది.

"ఒక్కతే ఉంటది, ఏడుస్తదని బొమ్మలు పెట్టిచ్చిన అక్కా. గంతే. పాత లాగిన్ ఫోన్లనే ఉండె. ఇంకేం చెయ్యలే నేను."

స్టేషన్లో కంప్లెయింట్ రాసుకున్నారు. నరేందర్‌కి ఫోన్ చేస్తే ఎత్తాడట. పాప తండ్రి దగ్గర క్షేమంగా ఉంది, రేపు పొద్దున ఇద్దరినీ పిలుస్తాం, కౌన్సెలింగ్ పెడతాం అన్నారు. వసంత అన్నిటికీ తలూపింది. బయటికి వచ్చాక ఈరమ్మ ఈ రాత్రికి మా ఇంటికి రా బిడ్డా అంది. వస్తానంది. నా నంబరు తీసుకుంది, తన నంబరిచ్చింది. మేం ఆటో మాట్లాడుతూ వెనక్కి తిరిగేసరికి లేదు. కొండాపూర్ వైపు పోయే షేర్ ఆటో అప్పుడే కదిలింది.

ఫోన్ చేశాను. ఎత్తింది. బిడ్డ ఆడ ఉంటే నేనీడ ఎట్లుంటనక్కా అంది. పెట్టేసింది.

జూన్ 25, బుధవారం

స్టేషన్‌కి ముగ్గురూ వచ్చారట. రాజీ అయిందట. కంప్లెయింట్ వద్దని వసంతే సంతకం పెట్టిందని ఫోన్లో చెప్పారు.

నరేందర్ టికెట్‌కి రేటింగ్ వచ్చింది. ఐదు స్టార్లు. కామెంటు: సమస్య పూర్తిగా తీరింది. సపోర్ట్ టీమ్‌కి ధన్యవాదాలు.

భీమేశ్వరరావు గారు దాన్ని గ్రూపులో పెట్టారు. విషయం తెలిసి పెట్టారా తెలియక పెట్టారా అని ఆయన మొహం చూశాను. తెలిసే పెట్టారు. అంతా బాగానే ఉందని నాకు చెప్పడానికి పెట్టారు.

జూన్ 26, గురువారం

పొద్దుటి నుంచి ఆ ఖాతా తెరిచి పక్క విండోలో పెట్టుకున్నాను. ఇది తప్పు. ఇప్పుడు తప్పుల లెక్క ఎవరు చూస్తారు?

2:15కి పింకీ ప్రొఫైల్ మొదలైంది. కొండాపూర్ టీవీలో. కుందేలు. మధ్యలో ఆగలేదు. ఆపేవాళ్ళు లేరు కదా ఇప్పుడు. 5:40కి వసంత ప్రొఫైల్ ఆరు నిమిషాలు తెరుచుకుంది. ఏమీ ప్లే చేయలేదు. ఊరికే తెరిచి ఉంది. ఉందన్నమాట. ఉంది.

జూన్ 27, శుక్రవారం

వసంత ఫోను స్విచాఫ్. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం.

టికెట్లు కలిపే నా రూల్ నేనే తీసేశాను. ఎవరినీ అడగలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అమ్మ అంటుంది. తొక్కాను. కడుక్కుంటే పోవడం లేదు.

జూన్ 28, శనివారం

సెలవైనా లాగిన్ అయ్యాను. 11:02కి వసంత ప్రొఫైల్ డిలీట్ అయింది. రిజిస్టర్డ్ నంబరుకి ఓటీపీ వెళ్ళింది. అంటే అతను చేశాడు.

ప్రొఫైల్ తీసేయడం నేరం కాదు. స్టేషన్‌కి ఫోన్ చేసి ఏం చెప్పను? ఒకాయన వాళ్ళావిడ పేరు టీవీలోంచి తీసేశాడండీ అనా? నంబర్ డయల్ చేసి కట్ చేశాను. మళ్ళీ చేసి మళ్ళీ కట్ చేశాను.

జూన్ 29, ఆదివారం

ఉండబట్టలేక కొండాపూర్ వెళ్ళాను. పగటి పూట, మిట్టమధ్యాహ్నం. అపార్ట్‌మెంటు గేటులో సెక్యూరిటీ అతను ఏ ఫ్లాటు అని అడిగాడు, ఇంటర్‌కమ్ కలిపి నా చేతికిచ్చాడు. వసంత ఫ్రెండ్‌ని అన్నాను. అవతల నరేందర్. అదే మర్యాద. నా గొంతు గుర్తుపట్టాడు.

"జ్యోత్స్న మేడమ్ కదా. వసంత పడుకున్నది. ఫికర్ చెయ్యకండి, అంతా బాగనే ఉన్నది. రేటింగ్ ఐదు ఇచ్చిన, చూసిన్రా?"

వెనక టీవీ వినిపిస్తోంది. కుందేలు పాట. పాప గొంతు వినిపిస్తుందేమోనని చెవి అట్టే పెట్టుకున్నాను. వినిపించలేదు. ఇంటర్‌కమ్ పెట్టేశాడు.

గేటు ఎదుట జ్యూస్ బండి పక్కన రెండు గంటలు నిలబడ్డాను. పైన అన్ని కిటికీలూ ఒకేలా ఉన్నాయి. ఏది వాళ్ళదో తెలియలేదు.

జూన్ 30, సోమవారం

భీమేశ్వరరావు గారు పిలిచి, కస్టమర్ ఇంటికి వెళ్ళారటగా అన్నారు. అతనే ఫోన్ చేశాడట, కంప్లెయింట్ కాదు, ఊరికే చెప్పాడట. రేపు సాయంత్రం నుంచి నా యాక్సెస్ తీసేస్తారు. ఎంక్వైరీ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆ మాట చెబుతుంటే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు మాత్రం ఒకటే బెంగ, రేపు సాయంత్రం తర్వాత చూసేవాళ్ళెవరు?

ఈరమ్మకి చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి నా దగ్గర కూచుంది. ఆ రోజు ఫోన్ల అడ్రసు అడిగిన్రు గద బిడ్డా, ఎందుకియ్యకపోతివి అంది. వారం తర్వాత, మొదటిసారి, ఇప్పుడంది.

జూలై 1, మంగళవారం, మధ్యాహ్నం 3:40

కొండాపూర్ టీవీ. పింకీ ప్రొఫైల్. పొద్దున 8:05 నుంచి కుందేలు నడుస్తూనే ఉంది. ఎర్రర్లు సున్నా. ఇంకా చూస్తున్నారా అని యాప్ మధ్యలో మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ ఎవరో అవునని నొక్కారు. స్కూలుకి పంపలేదు. 9:20 తర్వాత నరేందర్ ఫోన్లోని యాప్ ఆ ఇంటి వైఫైలో లేదు, అంటే అతను ఇంట్లో లేడు.

4:12

వాయిస్ సెర్చ్. టీవీ రిమోట్ నుంచి.

"అమ్మ లేస్తలేదు."

ఫలితాలేమీ దొరకలేదు. మరోలా అడిగి చూడండి.

"అమ్మ లేస్తలేదు."

ఫలితాలేమీ దొరకలేదు.

4:13

112. అడ్రసు అడిగారు. బిల్డింగు, బ్లాకు, అంతస్తు, ఫ్లాటు నంబరు, అన్నీ స్క్రీన్ చూసి చదివాను. అతని పేరు, అతని నంబరు. పాప ఒక్కతే ఉందని. మీరెవరు అన్నారు. నా పేరు చెప్పాను, కంపెనీ పేరు చెప్పాను. మీకెలా తెలుసు అన్నారు. అదీ చెప్పాను.